తొమ్మిదో గదిలో పచ్చదీపం

జూన్ 3

పిన్నికి,

ముందే చెప్పేస్తున్నా, ఇది పొడుగు ఉత్తరం. ఫోనులో నీకు సరిగా వినపడదు. వినపడినా "సరే సరే" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవుగా. కుట్టుమిషను ఆపి, కాళ్ళు చాపుకుని చదువు.

నాకు ట్రైనింగు ఎక్కడ పడిందో తెలుసా? బాబాయి పనిచేసిన ఆసుపత్రిలోనే. కాలేజీలో చీటీలు తీస్తే నా చేతికి అదే వచ్చింది. అమ్మకు చెప్తే "పిన్నికి నువ్వే రాయి" అంది. రాస్తున్నా.

కంప్యూటర్ల గది కింది అంతస్తులో ఉంది, మందుల స్టోరు పక్కన. ఒకే కిటికీ. తెరిస్తే ఎదురుగా గోడ. నాకు పని చెప్పే పెద్దాయనకు రెండు జతల కళ్ళద్దాలు, ఒకటి కళ్ళకి, ఒకటి నుదుటికి. కళ్ళద్దాల సార్ అని పిలుస్తాను, మనసులోనే.

మొదటి రోజే ఆయన నాకు గంటల ప్రోగ్రాం అప్పగించారు. పై అంతస్తులో మంచం దిగలేని వాళ్ళుంటారు. గదికి మూడు మీటలు. ఎర్రది సాయానికి పిలవడానికి. దాన్ని కూడా నొక్కలేని వాళ్ళ కోసం తెల్లది. నర్సు అరగంటకోసారి వచ్చి చూసి, "చూశాను" అన్నట్టు తెల్లమీట నొక్కాలి. అరగంట దాటినా ఎవరూ నొక్కకపోతే నర్సుల బల్ల దగ్గర గంట మోగుతుంది. మూడోది పచ్చది, రోగికి తోడున్న వాళ్ళది. అది నొక్కితే తలుపు మీద పచ్చదీపం వెలుగుతుంది. మనిషి దగ్గరే ఉన్నట్టు లెక్క కాబట్టి గంట మోగదు.

చెప్పడానికి ఇంత సులువా? ప్రోగ్రాం తెరిస్తే నా కళ్ళు తిరిగాయి. ఇలా అయితే అని ఒక షరతు, దాని లోపల ఇంకో అయితే, లేకపోతే మరో అయితే. పదకొండు మెట్లు దిగాను. పదకొండో మెట్టు మీద నిలబడి, అసలు ఏ అయితే పట్టుకుని ఇంత కిందికి వచ్చానో మర్చిపోయాను. ఎవరు రాశారా ఈ చిక్కుముడి అని పైకి వెళ్ళి చూస్తే బాబాయి పేరు.

నేను చేయాల్సింది ఆ ముడి విప్పడం. ఇప్పుడొక కొత్త పద్ధతి వచ్చింది పిన్నీ. ఉన్న సంగతులన్నీ ఒక వరసలో పెడతాం: ఏ గది, పచ్చ వెలుగుతోందా, ఎంతసేపైంది. దాని కింద మనకు కావలసిన రూపాలు ఒకదాని కింద ఒకటి రాస్తాం. మిషను పైనుంచి కిందికి పోల్చి చూస్తూ వస్తుంది. ఏది ముందు సరిపోతే ఆ పని చేసి ఆగిపోతుంది, కిందివాటి వైపు చూడదు. ఏదైనా ఫరవాలేదు అనుకున్న చోట ఒక అడ్డగీత. అంతే. దీనికి తెలుగులో మంచి మాట కావాలి నాకు. "నమూనా సరిపోల్చడం" అంటే ఆఫీసు కాగితంలా ఉంది. నువ్వైతే ఏమంటావు?

ఇంకో సంగతి. పైన తొమ్మిదో గదిలో మనుషులు లేరు, దుప్పట్లు పెట్టుకుంటారు, గంట మోగకుండా పచ్చ వెలిగించే ఉంచుతారు. అయినా అరగంటకోసారి ఆ గది నుంచి గంట మోగుతుంది. నర్సు లేచి, ఖాళీ మంచం చూసి, తెల్లమీట నొక్కి వస్తుంది. ఏళ్ళ తరబడి ఇంతేనట. పెద్ద నర్సమ్మ వచ్చి ఎనిమిదేళ్ళు, ఆవిడ వచ్చేనాటికే మోగుతోందట. "ఎవరమ్మా పిలిచేది?" అని అడిగాను. "ఎవరో ఒకరు. పిలిస్తే వెళ్ళాలిగా" అంది, ఇంజక్షన్లు లెక్కపెట్టుకుంటూ. బాబాయి వాళ్ళమ్మ, మామ్మగారు, ఆఖరున ఉన్నది ఆ గదిలోనేనా?

నీ వసపిట్ట

*

జూన్ 9

వసపిట్టకు,

నీ ఉత్తరం మూడు విడతల్లో చదివాను. బడులు తెరిచే రోజులు. నలభై రెండు యూనిఫారాలు ఉన్నాయి నా నెత్తిన. ఒకామె ఉత్తరం చదువుతున్న నన్ను చూసి "సంబంధమా?" అంది. "కాదు, సతాయింపు" అన్నాను.

నువ్వు చెప్పిన మీటలూ దీపాలూ నాకు తెలుసు. అర్థమయ్యేలా మళ్ళీ చెప్పనక్కర్లేదు.

మాట అడిగావు. మా పనిలో టేపు పట్టని రోజులుంటాయి. పాత చొక్కా ఒకటి తెచ్చి "దీని ప్రకారం కుట్టు" అంటారు. దాన్ని ఆది అంటాం. ఆది చొక్కా, ఆది లాగు. కొత్త గుడ్డ మీద ఆదిని పరిచి, సరిపోతుందో లేదో చూస్తాం. నీ మిషను చేసేదీ అదేగా? ఆది చూడటం అను.

బాబాయి రాసింది చిక్కుముడి అన్నావు. ఆయన చేతిరాత, మాట, నడక, ఏదీ చిక్కుగా ఉండేది కాదు. అది తప్ప ఇంకేమీ చెప్పలేను. ఆయన సంగతులు నన్ను అడక్కు. ఇంకొకరు కుట్టింది విప్పేటప్పుడు దారం లాగొద్దు, గుడ్డ చిరుగుతుంది. కత్తెర మొనతో ఒక్కో కుట్టూ తీయాలి.

అవును, ఆ గదే.

వేళకు తిను.

పిన్ని

*

జూన్ 17

పిన్నీ,

ఆది. నీ ఉత్తరం చదివాక ఆ మాటను రోజంతా నోట్లో వేసుకుని తిరిగాను. ఆది అంటే మొదలు, ఆది అంటే కొలత. మొదట ఉన్నదే కొలత అన్నమాట. కళ్ళద్దాల సార్‌కి చెప్పాను. ఆయన "బాగుంది, మధ్యాహ్నానికి పని చూపించు" అన్నారు. మాటలంటే పట్టింపు లేని మనిషి.

నీకో శుభవార్త. శుభవార్త అనే రాస్తున్నాను, కొట్టివేయను.

ముడి విప్పేశాను. మూడు వందల వరసలు నాలుగు ఆదులయ్యాయి. చూడు:

తొమ్మిదో గది, పచ్చ ఎలా ఉన్నా, అరగంట దాటింది: మోగు.
ఏ గదైనా, పచ్చ వెలుగుతోంది, ఎంతసేపైనా: ఊరుకో.
ఏ గదైనా, పచ్చ లేదు, అరగంట దాటింది: మోగు.
మిగతావి ఏవైనా: ఊరుకో.

చూశావా, బొమ్మలా కనపడుతోంది. తొమ్మిదో గదిలో దయ్యమూ లేదు ఏమీ లేదు. ఆ మొదటి ఆదే మోగిస్తోంది. దాన్ని బాబాయి తొమ్మిదో మెట్టు లోపల, ఎవరికీ కనపడని చోట దాచారు. మామ్మగారు పోయిన మూడో రోజున రాసి ఉంది. ఆ వారంలోనే కదా ఆయన ఉద్యోగం మానేసింది.

అసలు సంగతి ఇది కాదు. కొత్త ప్రోగ్రాం పాతదానిలాగే పలుకుతోందో లేదో చూడాలంటే, వెనక జరిగిన రోజులను దానికి పెట్టి చూడాలి. ఎవరు ఎప్పుడు ఏ మీట నొక్కారో అంతా టైముతో సహా రాసిపెట్టే పద్దు ఒకటుంది. మామ్మగారు పోయిన రోజు తీశాను. తప్పు చేశానేమో, నాకు తెలుసుకోవాలనిపించింది. చిన్నప్పటినుంచీ వింటున్నది ఒకటే కదా, బాబాయి ప్రోగ్రాంలో ఏదో షరతు మర్చిపోయారు, గంట మోగలేదు, మామ్మగారికి ఊపిరాడకపోతే ఎవరూ వెళ్ళలేదు అని. ఆసుపత్రివాళ్ళకు ఆయనే రాసిచ్చారు కదా, తప్పు నాదేనని.

ఆ రోజు మధ్యాహ్నం మూడూ పదికి పచ్చ వెలిగింది. నాలుగూ రెండుకి ఆరింది. నాలుగూ మూడుకి ఎర్రమీట నొక్కారు. అంటే యాభై రెండు నిమిషాలు తోడు మనిషి ఉన్నట్టే దీపం చెప్తోంది. ఉన్నారని నమ్మి గంట ఊరుకుంది. అప్పట్లోనూ అదే నియమం. నర్సులూ అందుకే వెళ్ళలేదు. బాబాయి ఏమీ మర్చిపోలేదు పిన్నీ. ఆయన ప్రోగ్రాంలో తప్పే లేదు.

తప్పు ఆ తోడు మనిషిది. బయటినుంచి పెట్టుకున్న ఆయా ఎవరో అయి ఉంటుంది కదా? పచ్చ వెలిగించి ఎటో వెళ్ళిపోయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, తిరిగి వచ్చి మామ్మగారిని చూసి, ముందు పచ్చ ఆపింది, ఆ తర్వాతే సాయానికి పిలిచింది. ఒక నిమిషం తేడా. పిలవకముందు దీపం ఎందుకు ఆపినట్టు? పెద్ద దొంగ. నీకు ఆమె పేరు గుర్తుందా?

నెలాఖరుకి ప్రోగ్రాం అప్పగించాలి. మొదటి ఆది తీసేయమన్నారు సార్. ఖాళీ గదిలో గంటెందుకు? పైగా పచ్చ వెలుగుతుంటే మోగడంలో అర్థమే లేదు.

నీ వసపిట్ట

*

జూన్ 21

వసపిట్టకు,

ఉత్తరం అందింది.

ఆ తొమ్మిదో గది గంట తీయకు. ఎందుకని అడక్కు, ఉంచు అంతే. నీకంటే ముందు దాన్ని ఎవరూ తీయలేదుగా.

ఆ పద్దు ఇంకెవరైనా చూశారా? చూపించకు.

యూనిఫారాలు ఇంకా పదకొండు ఉన్నాయి. ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

పిన్ని

*

జూన్ 24

పిన్నీ,

రెండు ఎడమ చేతుల చొక్కా తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. నీ ఉత్తరం మరీ చిన్నది. నేను ఏదో గుచ్చేలా రాశాను. ఏదో తెలియడం లేదు.

బాబాయి పేరు పాడవుతుందని భయపడుతున్నావా? పద్దు చూసింది సార్ ఒక్కరే. అందులో బాబాయికి మచ్చ తెచ్చేది ఏమీ లేదు, ఉన్న మచ్చ పోతుంది. నీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఏడేళ్ళు మాట్లాడుకోలేదని అమ్మ చెప్పింది. ఆయన తప్పు వల్ల మామ్మగారు పోయారని నీకు కోపం కదా. ఇప్పుడు ఆ కోపానికి కారణమే లేదు. ఆయన పోయి రెండేళ్ళయింది, నిజమే. అయినా ఆలస్యంగా తెలిసిన మంచి కూడా మంచే కదా?

గంట నీకు గుర్తుగా ఉండాలని అడిగి ఉంటావు. నాకూ జాలేసింది. కానీ ప్రోగ్రాంలో గుర్తులు ఉంచకూడదట. సోమవారం తీసేశాను. దానితోపాటు, మిషను చదవని వరసలు కూడా. మనుషుల కోసం పక్కన రాసుకునే ముక్కలుంటాయి, ముందు ఒక గుర్తు పెడితే మిషను వాటిని దాటిపోతుంది. బాబాయివి చాలా ఉన్నాయి. తీరిగ్గా చదవలేదు, ఒక్కసారిగా తుడిచేశాను. ఇప్పుడు మూడే ఆదులు మిగిలాయి, పచ్చ వెలిగితే ఊరుకో అన్నది అన్నిటికంటే పైన. చాలా శుభ్రంగా ఉంది.

పరీక్షకని ఆ ఒక్క గదికి కొత్త ప్రోగ్రాం పెట్టాం, సోమవారం నుంచి తొమ్మిదో గది మాట్లాడటం లేదు. నర్సులకు హాయిగా ఉంది. ఒకావిడ మాత్రం అరగంట కాగానే లేచి వెళ్తోంది. "గంట మోగలేదుగా" అంటే, "మోగలేదనే వెళ్ళి చూశాను, ఇన్నేళ్ళు పిలిచినవాళ్ళు ఉన్నట్టుండి ఊరుకుంటే చూడొద్దా?" అంది.

దుప్పట్లు తీసేశారు. జూలై ఒకటిన ఆ గదికి ఒక టీచరు గారు వస్తున్నారు. రెండు చేతులూ లేవవు, మాట కూడా రాదు. కొడుకు తోడుంటాడట. పెద్దవాడే, మంచివాడిలా ఉన్నాడు, నిన్న గది చూసుకోవడానికి వచ్చి పచ్చమీట ఎలా నొక్కాలో రెండుసార్లు అడిగాడు. ముప్పైన సార్ సంతకం పెడితే ప్రోగ్రాం పైన అన్ని గదులకూ వెళ్ళిపోతుంది.

నువ్వు బాగున్నావా? నిజం రాయి.

నీ వసపిట్ట

*

జూన్ 26

వసపిట్టా,

స్పీడు పోస్టులో వేస్తున్నాను. అందిన వెంటనే చదువు, చదివాకే ఇంకో పని ముట్టుకో.

ఆయా ఎవరూ లేరు. నేనే.

అత్తగారు మంచాన పడి అప్పటికి పద్నాలుగు నెలలు. పగలు ఆసుపత్రిలో నేను, ఇంటికొచ్చాక మిషను. ఆ రోజు ఆవిడకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, పచ్చ వెలిగించి కూర్చున్నాను. ఆవిడ నిద్రపోయింది. కిటికీ లోంచి కింద మెట్ల మీద ఎండ కనపడింది. అక్కడ ఐదు నిమిషాలు కూర్చుని వద్దామనుకున్నాను. పచ్చ ఆపితే నర్సులు "ఎక్కడికమ్మా" అంటారు. ఐదు నిమిషాలకు ఎందుకు చెప్పడం అనుకున్నాను. మెట్ల మీద గోడకి ఆనుకుని నిద్రపోయాను.

తిరిగి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. చూపు లేదు. తలుపు మీద దీపం పచ్చగా వెలుగుతోంది. నేను ముందు ఏం చేశానో నీ పద్దులో ఉంది. నువ్వు పెట్టిన పేరూ సరైనదే.

మీ బాబాయి పరుగెత్తుకుంటూ వచ్చారు. "పచ్చ ఆపి వెళ్ళాను, మీ గంట మోగలేదు" అన్నాను. ఆ మాట తప్ప ఇంకోటి రాలేదు నా నోట్లోంచి. ఆయన తల వంచుకుని విన్నారు. రెండు రోజుల తర్వాత ఆసుపత్రివాళ్ళకు కాగితం రాసిచ్చారు, షరతు ఒకటి మర్చిపోయాను, తప్పు నాదే అని. నా అబద్ధాన్ని నమ్మారు అనుకున్నాను. నమ్మిన మనిషి మొహం చూడలేకపోయాను. అందుకని మాట్లాడటం మానేశాను. అందరూ దాన్ని కోపం అనుకున్నారు. అననిచ్చాను. ఆయన రోజూ సాయంత్రం నా గది తలుపు దగ్గరకొచ్చి "మిషనుకి నూనె పెట్టనా?" అని అడిగేవారు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా పెట్టమనలేదు, వద్దనలేదు. దీపం ఆపిన చెయ్యి ఇది. దీనితోనే కుడుతున్నాను, తింటున్నాను.

ఇప్పుడు పని సంగతి విను. నువ్వు వదులు ఆది పైన తగిలించావు. నా కొట్లో కొక్కేలకు ఆదులు వరసగా ఉంటాయి. పెద్ద సైజుది ముందుంటే తొందరలో చెయ్యి దాని మీదకే పోతుంది, ఎవరికైనా పట్టేస్తుంది కాబట్టి. వెనక ఉన్న అసలు కొలత దాకా చెయ్యి వెళ్ళదు. పచ్చ వెలిగితే ఊరుకో అన్నది అలాంటి ఆది. ఆ కొడుకు మంచివాడే అయి ఉంటాడు. నేనూ చెడ్డదాన్నేం కాదు. అతనికీ ఎండ కనపడుతుంది, ఆకలేస్తుంది, కునుకు పడుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ టీచరు గారు తలుపు వైపు చూస్తూనే ఉంటుంది.

తీసేసింది తిరిగి పెట్టు. ఎందుకని సార్ అడిగితే ఈ ఉత్తరం చూపించు. నా పేరు దాచనక్కర్లేదు.

ఒక్కటి కనుక్కుని రాయి. ఆ పద్దు మీ బాబాయి చూశారా? పచ్చ ఎప్పుడు ఆరిందో ఆయనకు తెలుసా?

పిన్ని

*

జూలై 2

పిన్నీ,

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన వచ్చింది. స్టోరు వెనక కూర్చుని చదివాను. మాటలంటే ఇష్టమని గొప్పలు పోయేదాన్ని, "పెద్ద దొంగ" అని రాసింది నేనే. నా చేతిరాతలో నీ ఇంటికి వచ్చింది ఆ మాట. క్షమించమని అడగడానికి కూడా ఇంకా సరైన మాట దొరకలేదు.

అదే రోజు సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒప్పుకోలేదు. "తోడున్నవాళ్ళ పక్కన గంట మోగితే వాళ్ళు గొడవ చేస్తారు, మనిషి ఉన్నాడని దీపం చెప్తోందిగా" అన్నారు. "దీపం మీట సంగతి చెప్తుంది సార్, మనిషి సంగతి కాదు" అన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నారు. ఉత్తరంలో మెట్ల మీద ఎండ సంగతి ఉన్న కాగితం ఒక్కటే ఇచ్చాను. చదివి, నుదుటి మీది కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఎవరని అడగలేదు. "ఒక్క తొమ్మిదికే ఎందుకు మరి?" అన్నారు.

ఇద్దరం కూర్చుని రాశాం. ఇప్పుడు రెండే ఆదులు:

ఏ గదైనా, పచ్చ ఎలా ఉన్నా, అరగంట దాటింది: మోగు.
మిగతావి ఏవైనా: ఊరుకో.

తోడున్నవాళ్ళు నిజంగా ఉంటే వాళ్ళే తెల్లమీట నొక్కుతారు, గంట రాదు. పచ్చదీపం వెలుగుతుంది, కానీ దాని మాట ఎవరూ వినరు. బాబాయికి మిగతా గదుల్లో మార్చే అధికారం అప్పటికే పోయి ఉంటుందని సార్ అన్నారు. వాళ్ళమ్మ గది ఒక్కటే ఆయన చేతిలో మిగిలింది.

నిన్న టీచరు గారు వచ్చారు. మధ్యాహ్నం రెండున్నరకి తొమ్మిదో గది గంట మోగింది. నేను పైనే ఉన్నాను, నర్సుతోపాటు పరుగెత్తాను. తలుపు మీద పచ్చ వెలుగుతోంది. కుర్చీ ఖాళీ. టీచరు గారికి ఏమీ కాలేదు, దిండు మీంచి తల కొంచెం జారింది, అంతే. కానీ ఆవిడ తలుపు వైపే చూస్తున్నారు పిన్నీ. నర్సు తల సరిచేసింది. కొడుకు పావుగంటకు వచ్చాడు, చేతిలో టీ గ్లాసు. "ఐదు నిమిషాలే అనుకున్నా" అన్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. నేనైతే అతని మొహం వైపు చూడలేకపోయాను.

ఇక నువ్వు అడిగినది.

తుడిచేసిన పాత ప్రోగ్రాంకి నకలు ఉంటుంది. మిషను చదవని వరసలు ఈసారి తీరిగ్గా చదివాను. తొమ్మిదో గది ఆది పక్కన బాబాయి రాసిన ముక్క ఉంది. తేదీ మామ్మగారు పోయిన మూడో రోజే. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను:

"పచ్చ 3:10 నుంచి 4:02. వెలిగినంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు. తోడున్నవాళ్ళకీ అలుపొస్తుంది. వాళ్ళను ఏమీ అడగొద్దు. గంట మోగించండి."

ఆయనకు తెలుసు పిన్నీ. కాగితం రాసిచ్చేనాటికే తెలుసు. అంత సూటిగా రాసే మనిషి అన్ని మెట్లు ఎందుకు కట్టారో కూడా ఇప్పుడు తెలిసింది. ఎవరూ అంత లోతుకు దిగి చదవకూడదని.

నేను దిగాను.

ఈసారి వసపిట్ట అని సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.

*

జూలై 7

వసపిట్టకు,

ఆ పేరు నేను పెట్టింది, తీసేయడానికి నీకు హక్కు లేదు.

నువ్వు దిగకపోతే ఆ టీచరు గారి తల ఎంతసేపు జారి ఉండేదో ఆలోచించు. నన్ను గురించి తర్వాత ఆలోచిద్దువు గాని.

ఆయన ముక్క కాగితం మీదికి ఎత్తి రాసుకున్నాను. ఎన్నిసార్లు చదివినా "వాళ్ళను ఏమీ అడగొద్దు" దగ్గర ఆగిపోతున్నాను. అన్న మాట ప్రకారం ఏడేళ్ళు ఏమీ అడగలేదు మనిషి. నూనె పెట్టనా అని తప్ప. ఆ అబద్ధాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నా కోసం ఆయనా మోశారు. ఒకే బరువుని ఇద్దరం చెరో గదిలో మోసుకున్నాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

సోమవారం పొద్దున బండికి వస్తున్నాను. నీ కోసం కాదు. ఆ ఆసుపత్రి ఫైల్లో ఆయన సంతకంతో ఒక కాగితం ఉంది. పైవాళ్ళను కలిసి, దాని కింద నేను రాయాల్సింది రాసి నా సంతకం పెట్టాలి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో కనుక్కుని ఉంచు. వాళ్ళు ఏమంటారో అననీ. తర్వాత తొమ్మిదో గదికి తీసుకెళ్ళు. టీచరు గారి కొడుకుని ఒక గంట ఎండలో కూర్చుని రమ్మంటాను, ఆ గంటా నేను ఉంటాను.

నిన్న సాయంత్రం మిషను ఆపేసి ఆయన గది తలుపు తీశాను. రెండేళ్ళుగా ఊడవడానికి తప్ప తీయలేదు. గుమ్మంలో నిలబడి "పచ్చ నేనే ఆపాను" అని పైకి చెప్పాను. మంచం మీద చాప చుట్టి ఉంది, కుర్చీ గోడ వైపు తిరిగి ఉంది. చెప్పేశాను కాబట్టి వచ్చేయొచ్చు. రాలేదు. అక్కడే నిలబడ్డాను, జవాబు రాదని తెలిసీ. చీకటి పడేదాకా నిలబడ్డాక తెలిసింది నాకు, అవతలివాళ్ళు పలకకపోతే గుమ్మంలో ఎంతసేపు నిలబడగలరో మనుషులు.

పిన్ని